బిట్లు చదివిపెట్టిన మనిషి

పీజీ సీటు ఎలా కొట్టావని ఎవరైనా అడిగితే కష్టపడి చదివానని చెబుతాను. అబద్ధం. చదివింది వేరే మనిషి. నేను చాప మీద వెల్లకిలా పడుకుని విన్నాను.

తొంభైల మొదట్లో మాట. ఎంబీబీఎస్ అయింది, హౌస్‌సర్జన్సీ కూడా అయి ఏడాది దాటింది. ఇక పీజీ ఎంట్రెన్స్ రాసి సీటు తెచ్చుకోకపోతే డాక్టరే కాదన్నట్టు చూసేవాళ్లు. మా ఇల్లు మహబూబ్‌నగర్‌లో. అక్కడుంటే చుట్టాలందరూ తలనొప్పికీ కాలినొప్పికీ నా ముందే కూర్చుంటున్నారని నల్లగొండకు మకాం మార్చాను. నాతో చదివిన స్నేహితుడొకడికి అక్కడ మేనమామ బట్టల దుకాణం ఉండేది, దుకాణం పైన ఖాళీ గది. ఆ మేనమామ, ముస్లిం పెద్దమనిషి, మా చదువు చూసి మురిసిపోయి పూటకోసారి కింది నుంచి చాయ్ పంపేవాడు. ఆయనకు మా గురించి సరిగా తెలియదు.

మూడో మనిషి మాకంటే ఒక ఏడాది జూనియర్, హౌస్‌సర్జన్సీ అప్పుడే ముగించాడు. పానగల్ అవతల పల్లె, గొర్లు కాసే ఇల్లు. పొద్దున్నే సైకిల్ మీద వచ్చి సాయంత్రం పోయేవాడు. అతని దగ్గర పుస్తకాలు లేవు. బిట్ల పుస్తకాలన్నీ నావే, హైదరాబాద్ కోఠిలో తిరిగి తిరిగి కొన్నవి. ఒక్కోటి ఇటుకంత ఉండేది. ఒక ప్రశ్న, దాని కింద నాలుగు జవాబులు, ఏది సరైనదో చెప్పే కీ పుస్తకం చివర. పరీక్షలో పాత బిట్లే తిప్పి తిప్పి ఇస్తారు కాబట్టి అసలు పాఠ్యపుస్తకాలకన్నా వాటికే గిరాకీ.

పుస్తకం ముట్టుకోవాలంటే నేనొక షరతు పెట్టాను. అతను బిట్టు పైకి చదవాలి, మేమిద్దరం జవాబు చెప్పాలి, అతను కీ చూసి తప్పో ఒప్పో చెప్పాలి. నా కళ్లు మండుతున్నాయని సాకు చెప్పాను. బద్ధకం తప్ప నా కళ్లకేం రోగం లేదు. ఆరు నెలలు అలాగే నడిచింది. ఆ ఆరు నెలల్లో మేమతన్ని ఒక్క బిట్టు కూడా అడగలేదు. కీ చేతిలో పెట్టుకుని చదివేవాడికి కొత్తగా తెలిసేదేముంటుంది అనుకున్నాం.

అతన్ని ఏడిపించడం నాకు ఇష్టంగా ఉండేది. దాచుకోవడం దేనికి, చాలా ఇష్టంగా ఉండేది. బిట్లలో మా నల్లగొండ తప్పకుండా తగిలేది. నీళ్లలో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ఆ ఊరి పేరే పెట్టారు మరి. ఫ్లోరైడ్ ఎక్కువైతే మొదట కనిపించే లక్షణం ఏది అని ఇంకో బిట్టు. పళ్ల మీద మచ్చలు. అతని పళ్లు చిన్నప్పటి బోరునీళ్లకు గోధుమరంగు చారలు పడి ఉండేవి. ఆ బిట్టు వచ్చినప్పుడల్లా నేను లేచి కూర్చునేవాణ్ణి.

"నోరు తెరువ్ రా, జవాబు చూస్త," అనేవాణ్ణి.

మొదటిసారి నవ్వుతూ నోరు తెరిచాడు. తర్వాత్తర్వాత ఆ బిట్టు వస్తే తల వంచుకుని గబగబా పేజీ తిప్పేవాడు. నేను వదిలేవాణ్ణి కాదు, వెనక్కి తిప్పించేవాణ్ణి. నా స్నేహితుడు మాత్రం "ఛోడ్ రే, ఎందుకు సతాయిస్తవ్" అనేవాడు, అని తనూ నవ్వేవాడు.

పరీక్ష దగ్గర పడింది. హాల్లో ఇచ్చిన ప్రశ్నపత్రం తిరిగి తీసేసుకునేవాళ్లు, చిత్తుకాగితం కూడా బయటికి రాదు. అందుకని ఆ రోజుల్లో ప్రతి జట్టూ ఒక పని చేసేది. ముందే నంబర్లు పంచుకోవాలి, ఎవరి నంబర్ల బిట్లు వాళ్లు మనసులో పెట్టుకుని రావాలి, బయటికి రాగానే హోటల్లో కూర్చుని రాసేయాలి. మరుసటి ఏడాదికి అదే బంగారం. మామూలుగా మనిషికి పదో పదిహేనో. అంతకుమించితే పరీక్ష రాయడం కుదరదు.

పేపర్లో మొత్తం రెండు వందల బిట్లు. పంపకం నేనే చేశాను. నాకు పది. నా స్నేహితుడికి పది. అతనికి మొదటి వంద.

"వందనా అన్నా?" అన్నాడు.

"మీ బాపుకు మందల ఏ గొర్రె ఏదో యాదికుంటదంటివి గద. నీకు బిట్లు యాదికుండయా?"

"ఉంటయి గని అన్నా, మరి నేను రాసుడెప్పుడు? నాకు గీ ఒక్కసారే. నౌకరి ఆర్డరొచ్చింది, పరీక్ష కాంగనె పోయి జాయినవుత అని బాపుకు మాటిచ్చిన. తమ్ముడు ఇంకా సదువుతుండు."

అతనికి అదే ఆఖరి అవకాశమని నాకు అప్పుడే తెలిసింది. తెలిసీ అన్నాను: "నువ్వు రాసినా రాయకున్నా నీకు సీటొచ్చేదా సచ్చేదా? యాదికి పట్టుకొస్తే కనీసం మాకన్న పనికొస్తది. లేదంటవా, రేపటిసంది పుస్తకాలు ముట్టకు."

అతను చేతిలో పుస్తకం తెరిచి పేజీ వెతుక్కున్నాడు. తర్వాత "సరే అన్నా" అని ఆగిన చోటి నుంచి మళ్లీ చదవడం మొదలుపెట్టాడు. సాయంత్రం అతను వెళ్లాక నా స్నేహితుడు "గొర్రె కసాయోణ్ణే నమ్ముతదంటరు, గిదే గావచ్చు" అన్నాడు. అన్నాడే కానీ తన వాటా పదిని ఇరవై చేసుకుంటానని మాత్రం అనలేదు.

పరీక్ష హైదరాబాద్‌లో జరిగింది. అయిపోయాక ముగ్గురం ఇరానీ హోటల్లో కూర్చున్నాం. నేను చెప్పగలిగినవి ఆరు బిట్లు, అవీ సగం సగం. నా స్నేహితుడు ఏడు చెప్పాడు. అతను నా నోట్‌బుక్ ముందుకు లాక్కుని ఒకటో నంబర్ నుంచి రాయడం మొదలుపెట్టాడు. ప్రశ్న, నాలుగు ఆప్షన్లు, వరుసగా, ఎక్కడా కొట్టివేత లేకుండా. చాయ్ మీద తొరక కట్టినా తలెత్తలేదు. వందో బిట్టు రాసి పెన్ను మూసి అన్నాడు: "వంద యాదికి పట్టేటాళ్లకు గంట కొట్టిన్రన్నా. అవతలి వంద ముట్టనే లేదు."

"పోనీ తియ్," అన్నాను. ఆ నోట్‌బుక్ చేతికొచ్చిన సంతోషంలో నాకతని మొహం కూడా సరిగా కనబడలేదు.

ముగ్గురికీ సీటు రాలేదు. మార్కుల కాగితాలు మా గది చిరునామాకే వచ్చాయి. మొత్తం పేపరు రాసిన నాకంటే సగం పేపరు రాసిన అతనికి కొన్ని మార్కులే తక్కువ. దాన్నిబట్టి అయినా నాకు వెలగాలి. వెలగలేదు. నాకంటే తక్కువ అనే చూసుకున్నాను, చూసుకుని తృప్తి పడ్డాను. అతను అచ్చంపేట దాటాక అడవి అంచున ఉన్న ప్రభుత్వ దవాఖానలో చేరిపోయాడు.

కొన్నాళ్లకు ఆ నోట్‌బుక్‌కు కీ తయారుచేద్దామని నేనూ నా స్నేహితుడూ కూర్చున్నాం. ప్రతి బిట్టు కింద ఏదో ఒక ఆప్షన్ పక్కన చిన్న చుక్క ఉంది. మొదట పెన్ను కక్కిందనుకున్నాం. వందకు వంద బిట్ల కింద అలా కక్కదు కదా. హోటల్లో రాస్తూనే, ఎవరూ అడక్కపోయినా, పరీక్షలో తను పెట్టిన జవాబు పక్కన చుక్క పెట్టుకుంటూ పోయాడు. పాఠ్యపుస్తకాలు తెరిచి ఒక్కొక్కటే సరిచూశాం. అయిదారు తప్ప అన్నీ సరైనవే. మేమిద్దరం అరుచుకుని తేల్చుకోలేక వదిలేసిన వాటికి కూడా అతని చుక్క సరైనచోటే ఉంది.

"రెండో వంద గూడ రాసుంటే వీడు మొదటి పదిమందిల ఉంటుండె భాయ్," అన్నాడు నా స్నేహితుడు. "మనం మంచిగ జెయ్యలె."

నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. సిగ్గు వేసింది, అది నిజం. కానీ సిగ్గు కంటే ముందు భయం వేసింది, అది ఇంకా నిజం. ఉన్న సీట్లు కొన్నే. ఇలాంటివాడు మళ్లీ పరీక్షకు కూర్చుంటే అందులో ఒకటి పోయినట్టే. అడవిలో ఉన్నాడులే, ఇక రాడులే అని సర్దిచెప్పుకున్నాను.

వచ్చాడు. ఒక ఐతారం మధ్యాహ్నం, రెండు బస్సులు మారి, తువ్వాలలో సీతాఫలాలు మూటకట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. బాగా చిక్కిపోయాడు. కూర్చోమని నేను అనలేదు, నా స్నేహితుడు చాప జరిపాడు.

"బాపును ఒప్పిచ్చిన అన్నా. ఇంకొక్కసారి రాయమన్నడు," అన్నాడు. నల్లబడిన మొహం వెలిగిపోతోంది. "నాకు పుస్తకాలు ఇయ్యొద్దు. మునుపటి లెక్కనే నేను చదివిపెడ్త, మీరు జవాబులు చెప్పున్రి. నెలకు రెండు ఐతారాలు వస్త. గంతే."

చదివిపెడితే చాలు, అతనికి సీటు ఖాయమని నాకు తెలుసు. ఆ గదిలో ఆ సంగతి తెలియంది అతనొక్కడికే.

"ఇప్పుడెందుకు తియ్," అన్నాను. "చదివేటోడు దొరికిండు. కొత్తగ ఒక జూనియర్ వస్తుండు."

ఏ జూనియరూ రావడంలేదు. నా స్నేహితుడు ఒకసారి నా వంక చూసి, తల దించుకుని సీతాఫలం గింజలు కాగితంలోకి ఉమ్మడంలో పడ్డాడు. వాడికీ సీటు కావాలి.

అతను లేచాడు. తువ్వాల దులిపి మడతపెట్టి భుజాన వేసుకున్నాడు. బతిమాలతాడేమో అనుకున్నాను. బతిమాలితే తిట్టడానికి మాట కూడా సిద్ధం చేసుకున్నాను.

"మంచిదన్నా," అన్నాడు. "గా పిలగానికి జర చెప్పు. ప్రశ్న రెండుసార్లు చదవమను. ఆప్షన్లు ఆపి ఆపి చదవమను. తొందరగ చదివితే నాలుగోది వచ్చేటాళ్లకు నువ్వు మొదటిది మర్చిపోతవ్. నేను గట్లనే చదివేటోణ్ణి."

దెప్పడానికి అన్న మాట కాదది. నా గురించి నిజంగానే ఫికర్ పడి చెప్పాడు, చెప్పి బస్సుకు టైం అవుతోందని మెట్లు దిగిపోయాడు. ఆ ఏడాది పేపర్లో అతను రాసిచ్చిన బిట్లు చాలానే మళ్లీ వచ్చాయి. నాకు సీటొచ్చింది. అతను దరఖాస్తే పెట్టలేదని తర్వాత తెలిసింది.