ఇప్పచెట్లు మిగిల్చిన చేను

మా బాపు నరికి, మోడులు పెకిలించి దున్నుకున్న చేనును అడవి అని రాశారు. రాసినవాడు ఆ చేనులో పండిన జొన్నరొట్టె తిని మరీ రాశాడు. ఇది అన్యాయం. దీనికి మెత్తటి పేరు వెతికే ఓపిక ఈ వయసులో నాకు లేదు.

రజాకార్ల గోల అణిగిన మరుసటేడు మేము కరీంనగర్ వైపు నుంచి గోదావరి దాటి వచ్చాం. అక్కడ మాది మగ్గం బతుకు. నేసిన బట్ట అమ్ముడుపోక బాపు మగ్గం గుంట పూడ్చి గొడ్డలి పట్టాడు. మా వంశంలో నాగలి పట్టిన మొదటి మనిషి ఆయనే. మంచిర్యాలకు పైన, అడవి అంచున, "కొట్టుకోండ్రి, పట్టా తర్వాత అయితది" అని పట్వారీ అంటే నమ్మి దిగాడు. అప్పటికి నాకు మీసం మొలిచింది. ఆయన పక్కన నేనూ గొడ్డలి వేశాను.

పక్క గూడెం పెద్దమనిషి మొదటి రోజే వచ్చి చెప్పాడు: "అన్నీ కొట్టు, ఇప్పను ముట్టకు. కరువొస్తె నీ జొన్న సస్తది, ఇప్ప సావది." బాపు తొమ్మిది ఇప్పచెట్లు మిగిల్చాడు. వాటి చుట్టూ నాగలి తిప్పడం నేర్చుకునేసరికి ఎడ్లకూ మాకూ ఒక ఏడు పట్టింది.

మాతోపాటే అడవి కొట్టిన పక్క చేని ఆయన మాత్రం పుల్ల మిగల్చలేదు. బాపుతో వేళాకోళమాడేవాడు: "ఏం బావా, చేను కొట్టినవా, తోట వెట్టినవా? నీడకు జొన్న కంకి వెయ్యది సూడు."

"ఎయ్యకపోతె పువ్వు తింట తియ్యి. నీ లెక్క నాకు బోడిగుండు ఇష్టం లేదు."

వానలు ముఖం చాటేసిన ఏడు నిజంగా పువ్వే తిన్నాం. తెల్లవారకముందే అవ్వ, అంటే నన్ను కన్నతల్లి, రాలిన పువ్వు ఏరి, ఎండబెట్టి, ఉడికించి పెట్టింది. పక్క చేని ఆయన భార్య గుల్లబుట్ట పట్టుకొని వస్తే అవ్వ నింపి పంపింది.

ఆ తర్వాత ఒక పొద్దున చేనుకు పోతే తొమ్మిది చెట్ల మొదళ్ళకూ తెల్ల సున్నపు పట్టీలు ఉన్నాయి. ఎవరు పూశారో ఎవరికీ తెలియదు. అవ్వ ఒక మొదలు మీద చెయ్యి పెట్టి, "కోసే మేకకు బొట్టు వెట్టినట్టున్నదయ్యా," అంది. బాపు నవ్వాడు. అవ్వ నవ్వలేదు. ఆ వారమంతా ఆమె చేనులో ఒంటరిగా పని చేయలేదు.

వారం తిరగకముందే రెవెన్యూ ఆఫీసు గిర్దావరు కొలత గొలుసుతో వచ్చాడు. ఎండకు ఇప్పచెట్టు కిందే మంచం వేయించుకున్నాడు. అవ్వ రొట్టె, మిరపకాయ తొక్కు పెట్టింది. తిని, చెయ్యి కడుక్కొని, పైకి చూస్తూ మెల్లగా అడిగాడు: "మంచి చెట్లు. నువ్వు వెట్టినవేనా?"

అవునని ఉంటే అయిపోయేది. కానీ ఇప్పచెట్టును నేను పెట్టానని మా వైపు ఎవరూ అనరు. తనంతట తానే తిండి పెట్టే తల్లిని మనిషి తనదంటే మరుసటేడు పువ్వు రాలదని నమ్మకం. బాపు చెంపలు వేసుకున్నాడు.

"తప్పు తప్పు, నేనెక్కడ వెడ్త దొరా! అడివి తల్లి వెట్టింది."

"సచ్చా ఆద్మీవి, నిజమే చెప్పినవు," అని గిర్దావరు ఉర్దూలో ఏదో రాసి బాపు వేలు పట్టి ముద్ర వేయించాడు. గట్టు మీద పక్క చేని ఆయన నిలబడి ఉన్నాడు. ఎప్పుడూ ఊరుకోని మనిషి, ఆ రోజు ఒక్క మాటా అనలేదు.

ఆయన బోడిచేనుకు పట్టా వచ్చింది. మా చేనుకు అడవిశాఖ హద్దురాళ్ళు వచ్చాయి. గిర్దావరు రాసిన ఉర్దూ కాగితం నకలు తీయించి మంచిర్యాల బజారులో బట్టలు కుట్టే సాయిబుకు చూపించాను. ఆయన కత్తెర కింద పెట్టి రెండుసార్లు చదివాడు.

"చెట్లు నావి కావు, అడివియి అని ఆసామి సొంతంగ చెప్పిండని రాసిండ్రు బేటా. మీ బాపు నోరే సాక్ష్యం."

"నాకు గీ అక్షరాలు నేర్పు చాచా," అన్నాను. ఆయన కుట్టుమిషను పక్కన కూర్చొని ఉర్దూ నేర్చుకున్నాను. తెలుగు పొట్లాం కాగితాల మీద నేర్చుకున్నాను. బడి మెట్టు ఎక్కకుండానే దరఖాస్తులు రాశాను.

ఒక రోజు ఓర్వలేక గొడ్డలి నూరాను. చెట్లు లేకపోతే అడవి ఎట్లా అవుతుంది? బాపు నా ముందుకు వచ్చి చెయ్యి చాపాడు.

"అవి సాదితె బతికిన పానం రా నీది. నువ్వు కాయితం రాస్కో. గొడ్డలి నాకియ్యి."

ఇచ్చాను. ఇవ్వకుండా ఉండాల్సిందని కొన్ని రోజులు అనుకుంటాను, ఇచ్చిందే మంచిదని కొన్ని రోజులు.

జొన్న పాలు పోసుకునే వేళ అడవిశాఖ కూలీలు వచ్చి కంకుల మధ్యనే టేకు మొక్కలకు గుంతలు తవ్వారు. మేము మందమర్రి చేరాం. నేను బొగ్గుబాయిలోకి దిగాను. నేను పనినుంచి రాగానే బాపు అడిగేది ఒక్కటే: "ఏమన్న వచ్చిందారా?" ఏళ్ళ తరబడి "రాలే బాపు" అన్నాను.

చివరికి జవాబు వచ్చింది. తెలుగులోనే ఉంది. బాపు గోడకు ఆనుకొని కూర్చుని, "ఉన్నది ఉన్నట్టు సదువు," అన్నాడు. చదివాను.

"సదరు భూమిలోని వృక్షములు తాను నాటినవి కావనియు, అడవివేననియు మీ తండ్రి వాంగ్మూలమిచ్చి వేలిముద్ర వేసియున్నారు. కావున మీ దరఖాస్తు తిరస్కరించడమైనది. పక్క సర్వే నంబరు వలె చెట్లు తీసివేసి యుండినచో, మీ భూమి కూడ పట్టాకు అర్హమై యుండెడిది."