అన్నం మానిన రోజులు

మా ఆవిడ పోయి ఐదు వారాలయింది. బరంపురం ఆసుపత్రిలో, మధ్యాహ్నం భోజనాల వేళ పోయింది. పేగులో పుట్టిన కేన్సర్ అని కాగితంలో రాశారు. దాని వెనక ఇంకో జబ్బు ఉంది. గోధుమ పడకపోవడం. అది ఆమె ఒంట్లో ఎన్నేళ్లుగా ఉందో ఎవరూ చెప్పలేకపోయారు.

ఆమె గురించి నాలుగు మాటలు రాయమని స్నేహితులు అడిగారు. రాస్తున్నాను. ఇందులో నా భయం కూడా ఉంటుంది. అది పక్కన పెట్టి రాయడం నాకు చేతకాలేదు.

ఆమెది దిగపహండి పక్కన వ్యవసాయం చేసుకునే ఇల్లు. పెళ్లయి బరంపురం వచ్చేనాటికి ఆమె ఎరిగిన తిండి అన్నమే. పొద్దున చద్దన్నం, మధ్యాహ్నం వేడన్నం, రాత్రికి మిగిలింది. కూరలామెతో ఒడియాలో బేరమాడి, లోపలికొచ్చి తెలుగులో గొప్పలు చెప్పేది. ఏ మాటైనా "ఏటంటే" అని మొదలుపెట్టేది. ఆ తర్వాత చెప్పడానికి చాలాసార్లు ఏమీ ఉండేది కాదు. వాన వస్తుందని నాకంటే ముందు ఆమెకు తెలిసేది. నేను ఆఫీసు నుంచి తడిసి వచ్చేసరికి తీగమీది బట్టలన్నీ మడతల్లో ఉండేవి.

నాకు షుగరు వచ్చింది. రాత్రిపూట అన్నం మాని గోధుమ రొట్టెలు తినమన్నారు. ఊళ్లో సగం ఇళ్లలో జరిగిందే మా ఇంట్లోనూ జరిగింది. నువ్వు అన్నమే తిను అన్నాను. నవ్వింది.

"ఇద్దరికి రెండు పొయ్యిలెట్టమంటారేటి? మీతోపాటు నాకూ రెండు రొట్టెలు. ఏటవుతాది?"

ఏమవుతుందో నాకూ తెలియదు. నా షుగరు ఇవాళ్టికీ అదుపులో ఉంది. అది ఆమె చలవే. ఆ రొట్టెలు ఆమె నాకు తోడుగా తిన్నవి.

కొన్నాళ్లకి కడుపుబ్బరం మొదలైంది. నోట్లో పుళ్లు, విరేచనాలు, నీరసం. రక్తం తక్కువగా ఉందని ఐరన్ మాత్రలు ఇచ్చారు. మాత్రలు అయిపోయేవి, రక్తం పెరిగేది కాదు. గాజులు జారిపోతుంటే ఒక సైజు తక్కువవి కొనుక్కుని చేతులు చాపి చూపించింది.

"పెళ్లినాటి సైజుకి ఒచ్చీసేను, సూడండి."

నేనూ నవ్వాను.

మాత్రలు పనిచేయలేదని మొక్కుకుంది. శనివారం ఉపవాసం పట్టింది. మన ఇళ్లలో ఉపవాసమంటే మీకు తెలియనిది కాదు. అన్నం ముట్టకూడదు. గోధుమరవ్వ ఉప్మా తినొచ్చు, చపాతీ తినొచ్చు. శనివారం ఉప్మా తినేది, ఆదివారం మంచం దిగేది కాదు. నిష్ఠలో ఏదో లోపం జరిగిందనుకునేది. దానికి విరుగుడుగా లక్ష్మివారం కూడా పట్టింది. తర్వాత సోమవారం. ఒక కార్తీకమంతా అన్నం మొహమే చూడలేదు. జబ్బు ముదిరినకొద్దీ ఉపవాసాలు పెరిగాయి. ఉపవాసాలు పెరిగినకొద్దీ జబ్బు ముదిరింది. నేను నీటిపారుదల శాఖలో పనిచేసినవాణ్ణి. గట్టుమీద నడిచి, కాలువకు గండి ఎక్కడ పడబోతోందో చెప్పేవాణ్ణి. ఇంట్లో ఆ రెండూ ఒకదాని వెనక ఒకటి నడుస్తున్నాయని నాకు తట్టలేదు.

"ఒక్క శనివారం మానితే ఏం?" అన్నానొకసారి.

"దేవుడికి మాటిచ్చి మద్దిలో మానేత్తే ఊరుకుంటాడేటి? మీ పని మీరు సూసుకోండి."

చివరికి ఒక డాక్టరమ్మ అనుమానించి రక్తపరీక్ష రాసింది. పేగులోంచి చిన్న ముక్క తీసి చూశారు. గోధుమ పూర్తిగా మానాలి, అన్నం ఎంతైనా తినొచ్చు అని చెప్పింది. మా ఆవిడ తిరిగి వస్తూ ఆటోలో అంది.

"ఏటంటే, అన్నం తిన్న రోజులే నాను బాగున్నానన్నమాట."



కొన్ని నెలలు తేరుకుంది. మళ్లీ నొప్పి వచ్చింది. ఎక్కడ తప్పు జరుగుతోందోనని వంటింట్లో ప్రతి డబ్బా తీసి చదివాను. చారులో రోజూ వేస్తున్న ఇంగువలో గోధుమపిండి కలిపారని డబ్బా వెనక సన్నటి అక్షరాల్లో ఉంది. అదీ మాన్పించాను. నొప్పి ఆగలేదు. ఈసారి పరీక్షలో గడ్డ కనిపించింది. ఇలా ముదరడం అరుదు అని డాక్టరమ్మ అంది. అరుదు అన్న మాట అప్పటినుంచి నాకు ధైర్యం ఇవ్వదు.

ఆమె పోయాక పలకరించడానికి వచ్చినవాళ్లందరూ ఒకటే అడిగారు. ఇదివరకు ఈ జబ్బు లేదు కదా, ఇప్పుడే ఎందుకిలా పెరుగుతోంది? తమకూ గోధుమ పడడం లేదని ఇద్దరు ముగ్గురు చెప్పారు. నేను వెళ్లి డాక్టరమ్మనడిగాను. ఆమె ఒడియాలో నెమ్మదిగా చెప్పింది. కొంత నిజంగానే పెరుగుతున్నట్టుందట. కొంత, ఇప్పుడు వెతుకుతున్నాం కాబట్టి దొరుకుతోందట. ఇటువైపు గోధుమ తినడమూ పెరిగింది. పడదని చెప్పుకునేవాళ్లందరికీ ఈ జబ్బు ఉండదు, జబ్బున్నవాళ్లలో చాలామందికి ఉన్నట్టే తెలియదు. దేని వాటా ఎంతో మాత్రం చెప్పలేనంది.

పదో రోజున, ఇదేదో ఈమధ్య పెరుగుతున్న కొత్త జబ్బట అని మా వదినతో అన్నాను. మా ఆవిడకు అక్క, దిగపహండి నుంచి వచ్చింది. ఆకులు తుడుస్తూ వింది.

"కొత్త జబ్బేటి మరిదీ? మా యమ్మ ఇలాగే పోనాది. బడిలో పిల్లలకి సర్కారు రవ్వతో ఉప్మా వండీది. మిగిల్నది తినీది. కడుపుబ్బి, ఎండిపోయి కర్రలాగయిపోనాది. సెడుపన్నారు, తాయెత్తులు కట్టేరు. అప్పుడు దీనికి పేరెవులెట్టేరు?"

ఆకులు తీసుకుని వంటింట్లోకి వెళ్లింది. నేను అక్కడే కూర్చున్నాను. ఆ తల్లిది ఇదే జబ్బో కాదో ఇక తేల్చేవాళ్లు లేరు. కాని కొత్త జబ్బయితే ఎక్కడినుంచో వచ్చిందనుకోవచ్చు. పాతదైతే ఇంట్లోనే ఉంది. నువ్వూ పరీక్ష చేయించుకో వదినా అని పిలిచి చెప్పాను.

"నాకేటి, గుండ్రాయిలాగున్నాను. ముందు నీ కూతుర్ని సూసుకో" అని లోపలినుంచే అంది.

మా అమ్మాయి అస్కాలో బడిలో పాఠాలు చెబుతుంది. రెండేళ్లుగా ఐరన్ మాత్రలు వేసుకుంటోంది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా ఇంతకాలం ఈమె మాత్రలను వాళ్లమ్మ మాత్రల పక్కన పెట్టి చూడలేదు. అమ్మమ్మ, అమ్మ. ఆ వరుసలో తర్వాత ఎవరన్నది తలచుకునే ధైర్యం లేదు.

రక్తసంబంధం ఉన్నవాళ్లు పరీక్ష చేయించుకోవాలని డాక్టరమ్మ ఎప్పుడో చెప్పింది. తల్లి జబ్బు హడావుడిలో అది వెనకబడింది. తల్లి పోయిన రోజునుంచి అమ్మాయి భయంతో గోధుమ ముట్టలేదు. అది తప్పంది డాక్టరమ్మ. మానేసి పరీక్ష చేస్తే జబ్బున్నా లేనట్టు చూపించవచ్చు. కొన్ని వారాలపాటు రోజూ తిని, అప్పుడు రక్తం ఇవ్వాలి.

అందుకని సెలవు పెట్టి నా దగ్గరే ఉంది. రోజూ పొద్దున్నే రెండు బ్రెడ్డు ముక్కలు తింటుంది. పరీక్షకు ఇంకా పద్దెనిమిది రోజులున్నాయి. తిన్నాక ఎలా ఉందని నేనడగను. ఆమె చెప్పదు. మధ్యాహ్నం దాకా ఆమె ఎన్నిసార్లు లేచి వెనకవైపుకు వెళ్లిందో మాత్రం నాకు తెలుస్తుంది.

ఇవాళ మొదటి ముక్క కొరికి నా ముఖం చూసింది.

"నాన్నా, నువ్వలా సూత్తుంటే నాకు దిగదు."

పేపరు తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. కుర్చీ జరిపిన చప్పుడయింది. పేపరు దించి చూస్తే, కిటికీవైపు తిరిగి కూర్చుని ఉంది. జడ ముందుకు వేసుకుంది. మెడ వెనక ఎముక కనిపిస్తోంది. చెవి కింద దవడ కదులుతోంది, ఆగుతోంది, మళ్లీ కదులుతోంది.