పిలకాయల కేంపులో సుగ్రాబీ

ఆఁ, యాడ ఆపినాను? సుగ్రాబీని బస్సెక్కించి ఆత్మకూరుకు తీసకపోయినానని చెప్తా ఉంటే మధ్యలో మామిడికాయల బండోడు వచ్చినాడు. మీరు మొదలు సరిగ్గా విన్లేదు గదా, మళ్ళీ చెప్తాలే. నాకేం పని, రిటైరైనదాన్ని.

సుగ్రాబీది ఉదయగిరి. నేను అక్కడి హైస్కూల్లో తెలుగు చెప్పేదాన్ని. వాళ్ళ వీధిలో ఇంటింటా చెక్క స్పూన్లు, గరిటెలు చేస్తారు. మొగోళ్ళు చెక్కేది, ఆడోళ్ళు నున్నగా రుద్దేది. కొందరు ఆడోళ్ళు చెక్కతారు కూడా. సుగ్రాబీ చేతికి మాత్రం కత్తి ఇయ్యరు. ఆమెకు ఫిట్స్. చిన్నప్పుడు పొయ్యి కాడ పడి ఎడమ చెయ్యి మోచేతిదాకా కాలింది. కలువాయి అబ్బాయికిచ్చి పెళ్ళి చేస్తే, చుట్టాలందరి ముందర పడిపోయింది. మొగుడు తెచ్చి పుట్టింట్లో వదిలిపెట్టి పోయినాడు, మళ్ళీ రాలా. నాయన పోయినాక అన్న షావలి ఇంటి మధ్యలో గోడ పెట్టించినాడు. గోడకు అటు పక్క పెళ్ళాం బిడ్డలు, కోళ్ళు, గోల. ఇటు పక్క ఈమె ఒక్కతే, గరుకు కాగితం రుద్దే చప్పుడు.

ఫిట్స్ అంటుకుంటాయని ఊళ్ళో భయం. ఆమె ఇంట్లో ఎవరూ మంచినీళ్ళు తాగరు. ఒకసారి స్పూన్లు కొనేదానికి పోయి, ఎండకు నాలిక పిడచకట్టి నీళ్ళడిగినాను. గ్లాసు పట్టుకొని అట్టానే నిలబడింది. మీరు తాగుతారా టీచరమ్మా అనింది. తాగక ఏం చేస్తాను, రెండు గ్లాసులు తాగినాను. ఉప్పునీళ్ళు, అది వేరే సంగతి.

ఎనభై ఆరు వేసవిలో నెల్లూరు నుంచి ఒక డాక్టరమ్మ వచ్చి, ఫిట్స్ ఉండే పిలకాయలకు ఆత్మకూరులో కేంపు పెట్టింది. సెలవులకు ఖాళీగా ఉండే హాస్టలొకటి అడిగి తీసుకుంది. రెండు వారాలు అక్కడే తిండి, అక్కడే ఆటపాటలు. వేళకు మాత్రలు మింగేది నేర్పడం అసలు పని. సంగం నుంచి, కలువాయి నుంచి, ఏఎస్ పేట నుంచి వచ్చినారు. అందరూ బడి మానిపించిన పిలకాయలే. బాయి కాడికి పోవద్దు, పొయ్యి కాడికి పోవద్దు అని ఇంట్లో ఒక మూల కూర్చోబెట్టినవాళ్ళు. వాళ్ళను చూసుకోమని నన్ను పిలిచినారు. ఆడపిల్లల కాడ ఉండేదానికి ఆయా కావాలంటే, నేను ఎగిరి గంతేసి సుగ్రాబీ పేరు చెప్పినాను.

డాక్టరమ్మ ఆమెకూ మాత్రలు రాసిచ్చింది. పిల్లల మాదిరే మూడు పూటలా వేసుకో, బాగా చూసుకుంటే ఏటేటా నిన్నే పిలుస్తాననింది. ఆ ఏటేటా అనే మాటే సుగ్రాబీ పట్టుకుంది. ఇంక చూడాల ఆమెను. ఒక పిల్లకు జడ వేస్తా ఉంటే ఇంకో నలుగురు వెనక కూర్చొని ఉంటారు. ఎవరైనా పడితే ఎవరూ పారిపోరు. లేచినాక మూతి కడుక్కొని మళ్ళీ ఆటకు పోతారు. సుగ్రాబీ గ్లాసుతో నీళ్ళిస్తే గటగటా తాగేస్తారు. నాకు చాలు టీచరమ్మా, నన్ను ఇక్కడే ఉంచెయ్యండి అని నవ్వేది.

వాళ్ళలో మునీరా అని ఏఎస్ పేట పిల్ల. దర్గా కాడ పూలు, అత్తరు అమ్మే ఫకీర్ సాహెబ్ కూతురు. పిన్నమ్మను పిలిచినట్టు ఖాలా ఖాలా అని సుగ్రాబీ కొంగు వదిలేది కాదు. ఏందే, కొంగుకు కుట్టేస్తే సరిపోతాది నిన్ను అని మా వాచ్‌మేన్ తిరుపాలు ఎగతాళి పట్టిచ్చేవాడు.

అంతలో రంజాన్ నెల వచ్చింది. సుగ్రాబీ రోజా పట్టింది. పొద్దు గూకేదాకా నీళ్ళు గూడా ముట్టదు. పగటి మాత్రలు రాత్రికి దాచి, అన్నీ కలిపి మింగేది. మాకెవరికీ చెప్పలా. ఆమెకు ఏమీ కాలేదు, నిక్షేపంగా ఉండాది.

ఒక మధ్యాహ్నం పిల్లలు తొక్కుడుబిళ్ళ ఆడతా ఉంటే మునీరా దబ్బున పడింది. మెట్టు తగిలి పెదవి చిట్లింది. తిరుపాలు తాళంచెవుల గుత్తి తీసుకొని పరిగెత్తుకొచ్చినాడు, ఇనుము చేతిలో పెడితే ఫిట్స్ ఆగతాదని మావైపు నమ్మకం. నీ తాళాలు నువ్వే పెట్టుకో పో అని సుగ్రాబీ వాణ్ణి తోసేసి, పిల్లను పక్కకు తిప్పి పడుకోబెట్టింది. డాక్టరమ్మ నేర్పినట్టే చేసింది. కాసేపటికి పిల్ల కళ్ళు తెరిచింది. రక్తం కారతా ఉండే పెదవితో ఒకటే అడిగింది.

"ఖాలా, నా రోజా పోయిందా?"

డాక్టరమ్మ అక్కడే నిలబడి ఉండాది. అడగ్గా అడగ్గా అంతా బయట పడింది. ఖాలా మాదిరే నేనూ రోజా అని ఈ పిల్లా పగటి మాత్ర దవడన పెట్టుకొని, చేతులు కడిగే కాడ ఊసేస్తా ఉండాది.

డాక్టరమ్మ సుగ్రాబీ మీద అరవలా. అరిచినా బాగుండు. జబ్బుండే వాళ్ళు రోజా ఉండక్కర్లేదని మీ పెద్దలే చెప్తారు గదమ్మా, నీకు తెలియదా అనింది.

"తెలుసమ్మా," అనింది సుగ్రాబీ. "ఆ నెల తెల్లారుజామున, రోజాకు ముందు తినమని వీధిలో లేపేదానికి వస్తారు. ఇంటింటి తలుపూ కొడతారు. నా తలుపు గూడా కొడతారు. ఏడాదిలో మళ్ళీ ఎవరు కొడతారమ్మా? రోజా లేనిదాన్ని నన్నెందుకు లేపాల?"

డాక్టరమ్మ మునీరా పెదవి మీద రక్తం తుడిచింది. చివరికి, "నేను చెప్పేది పిల్లలు వినరు, నువ్వు చేసేది చేస్తారు. నిన్ను ఉంచుకోలేను," అనింది.

సుగ్రాబీ బతిమాలలా. ఆ సాయంత్రం నేనే ఉదయగిరి బస్సెక్కించినాను. సీటు దొరకలా, కడ్డీ పట్టుకొని నిలబడింది. కేంపు అయిపోయేదాకా మునీరా రోజుకోసారి నా కాడికి వచ్చి ఖాలా ఎప్పుడొస్తాది అని అడిగి పోయేది. నేను పొడుపుకథలు చెప్పి ఏమార్చేదాన్ని.

ఆ తర్వాత రెండేళ్ళూ కేంపు జరిగింది, వేరే ఆయాతో. నేను రెండుసార్లూ అడిగినాను. రంజాన్ కేంపులోనే పడతా ఉండాది గదా, ఆమె రోజా మానదు, పిల్లలు చూస్తారు అని డాక్టరమ్మ ఒప్పుకోలా. ఆమె మాటా తప్పు గాదు, ఏమంటాను.

నేను రిటైరై ఆత్మకూరులో ఉన్నా, ఉదయగిరికి పోయినప్పుడంతా సుగ్రాబీని చూసే వస్తాను. స్పూన్లు రుద్దతా ఉంటాది. మునీరా ఎంత పొడుగైంది అని అడగతాది. పిల్ల ఇప్పుడు బడికి పోతా ఉండాదంటే తల ఊపతాది. కేంపు మాట మాత్రం ఆమె నోట ఎప్పుడూ రాలా. పోయిన వారం మాత్రం, నేను చెప్పులేసుకుంటా ఉంటే, తల ఎత్తకుండా అడిగింది.

"ఈ ఏడు పిలకాయల కేంపు ఎప్పుడంట?"

ఇంటికొచ్చి క్యాలెండరు ముందర నిలబడినాను. రంజాన్ ఏటేటా పదిరోజులు ముందుకు జరగతా వచ్చింది గదా, ఈ ఏడు పండగ మే నెల మొదటి వారంలోనే అయిపోతా ఉండాది. కేంపు పదిహేనో తేదీన మొదలు. రోజాలుండవు, మధ్యాహ్నం అందరితోపాటు ఆమె గూడా మాత్ర మింగొచ్చు. ఇన్నాళ్ళూ ఉండే అడ్డం దానంతట అదే పక్కకు తొలిగింది.

ఆయా ఇప్పటికే కుదిరి ఉంటే? ఇద్దరు ఆయాలుంటే తప్పా అంటాను. ఆ మాట డాక్టరమ్మతో అనేదానికి ధైర్యం చాలదేమో, అయినా అంటాను. రేపు పొద్దున్నే పోస్టాఫీసుకు పోయి నెల్లూరుకు ట్రంకు కాల్ బుక్ చేస్తా.