పెనుమూడి క్యారేజీ

చదువుకున్నవాడు ఎంత దూరం వెళ్లి తెలివితక్కువవాడు కాగలడో తెలుసుకోవాలంటే ఇది చదవండి. నేనైతే బాపట్ల నుంచి పెనుమూడి దాకా వెళ్లాను. రెండు రైళ్లు, ఒక బస్సు.

ఎనభైల చివర్లో పోషకాహారంలో ఎమ్మెస్సీ చేస్తున్నాను. మా సార్ ఒక ప్రశ్నల కాగితం తయారుచేశారు. ఏం తింటారు, వారానికి ఎన్నిసార్లు తింటారు అని జనాన్ని అడిగి, ఒంటికి ఎంత కాల్షియం, ఎంత ఇనుము అందుతోందో లెక్కగట్టే కాగితం. అది నిజం చెబుతోందో లేదో తేల్చడం నా పని. తేలితేనే సార్ సంతకం, సంతకముంటేనే డిగ్రీ.

పద్ధతి సులువే. పెనుమూడిలో ఇంటికో ఖాళీ క్యారేజీ ఇవ్వాలి. ఆ ఇంటావిడ ఆ రోజు తాను ఏం తింటే అదే, ఎంత తింటే అంతే అందులోనూ పెట్టాలి. దాన్ని నేను కాలేజీకి మోసుకొచ్చి, కొలిమిలో బూడిద చేసి, ఆ బూడిదలో ఖనిజాలు కొలవాలి. చేపల పులుసు కారే క్యారేజీలతో తిరిగిన ఆ నాలుగు నెలలూ రేపల్లె పాసింజర్లో నా పక్క సీటు ఖాళీగానే ఉండేది. వాసనకి అందరూ లేచిపోతే నేను మాత్రం క్యారేజీలు వదల్లేక కూర్చునేవాణ్ణి.

తీరా చూస్తే కాగితానికీ క్యారేజీకీ పొంతన లేదు.

"ఏమయ్యా, పెరుగు పండక్కే తింటానని పెనుమూడి మరియమ్మగారు కాగితంలో చెప్పింది. క్యారేజీలో గడ్డ పెరుగుంది. ఏది నిజం?" అన్నారు సార్.

"క్యారేజీయేనండి. మనిషి అబద్ధమాడొచ్చు గానీ క్యారేజీ ఆడదండి."

అక్కడితో ఆగానా? పల్లెల్లో జనం మొహమాటపడి తిన్నది దాచి చెబుతారని నాలుగు పేజీలు రాసిచ్చాను. సార్ అవి చదివి, "పద, పెనుమూడి వెళ్దాం" అన్నారు.

మేం వెళ్లేసరికి మరియమ్మగారు కూలిపని నుంచి వచ్చి అన్నం తింటోంది. కంచంలో గోంగూర పచ్చడి, పక్కన పల్చటి మజ్జిగ.

"మరి ఆ రోజు చేపలు, పెరుగు పెట్టారు కదమ్మా?" అడిగారు సార్.

"అయ్యి క్యారేజీకండి. పెరుగు పక్కింటోళ్లనడిగి తెచ్చానండి."

"మీరు తిన్నదే పెట్టమన్నాడు కదా?"

"అన్నాడండి. ఎండనపడొచ్చి గిన్నె చేతికిస్తే పచ్చడి మెతుకులేసి పంపుతామేంటండీ?" ఆవిడ గొంతు తగ్గించింది. "హాస్టల్లో తిండి బాగోదంటగా. పాపం, అడగడానికి సిగ్గేసి ఈ కాయితాలు రాసుకుంటన్నాడనుకున్నామండి. మిగతా ఇళ్లోళ్లూ అంతేనండి."

సార్ నా వైపు తిరిగారు. "క్యారేజీ అబద్ధమాడదన్నావు?"

అంతలో ఆవిడ నన్నడిగింది: "చేపలు బాగున్నాయా బాబూ?"

కొలిమిలో నిలువునా కాలి, చిటికెడు బూడిదైన ఆ చేపలు కళ్లముందు మెదిలాయి.

"చాలా బాగున్నాయండి," అన్నాను.

"బాగా కాలాయమ్మా," అన్నారు సార్.

నాలుగు పేజీలూ చెత్తబుట్టలోకి, నేను మళ్లీ రేపల్లె పాసింజర్లోకి వెళ్లాం. ఈసారి త్రాసు పట్టుకుని కంచం పక్కనే కూర్చుని తూచాను. మరియమ్మగారు ముందు నాకు వడ్డించాకే తన కంచం తూయనిచ్చింది. చివరికి కాగితమే నిజమని తేలింది, డిగ్రీ వచ్చింది.

ఆ రోజే త్రాసు మీద చెయ్యేసి ప్రమాణం చేశాను: ఈ జన్మలో ఎవరింట్లోనూ ఖాళీ క్యారేజీ పెట్టి రాను. పెట్టానే అనుకోండి, ఇచ్చింది తిననిదే కాల్చను.