ఆ నాలుగు ప్లగ్గులూ మా వదిన ఎంచినవి

పన్నెండేళ్ళు ఒక పొగడ్తను మోశాను. నింద అయితే ఎప్పుడో ఒకప్పుడు ఎవరి దగ్గరో దించుకునేవాణ్ణి. పొగడ్త అలా కాదు. అందరూ నవ్వుతూ నెత్తిన పెడతారు, మనమూ నవ్వుతూ నిలబడతాం. అది నాది కాదు. మా వదినది. ఈ రెండు ముక్కలు రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. మీరు నన్నెరగరు, మావాళ్ళనూ ఎరగరు. అందుకే మీతో చెప్పుకోగలుగుతున్నాను.

అప్పట్లో అన్నయ్య, వదిన, నేను మయూర్ విహార్‌లో ఒకే ఫ్లాట్‌లో ఉండేవాళ్ళం. నాకు కేంద్ర ప్రభుత్వంలో చిన్న ఉద్యోగం. దానికి ముందు పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చేశాను. ఎలా పాసయ్యానో నాకే తెలియదు, కానీ ఆ కాగితం పుణ్యమా అని మిక్సీ ఆగినా, కుళాయి కారినా నన్నే పిలిచేవారు. వదిన మధ్యాహ్నం భోజనాలు వండేది. ముద్దపప్పు, గుత్తివంకాయ, గోంగూర పచ్చడి. వాటిని అన్నయ్య ఓ చిన్న పికప్ బండిలో సాకేత్ వైపు ఆఫీసులకు చేరవేసేవాడు. పెట్రోలు ఇంజనే గానీ గ్యాస్ మీద నడిపేవాళ్ళం.

ఆ వేసవిలో బండి ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు దగ్గడం మొదలుపెట్టింది. ఒకరోజు దాని మధ్యలోనే ఆగిపోయింది. రెండుసార్లు భోజనాలు ఆలస్యమయ్యేసరికి ఒక ఆఫీసు వాళ్ళు, ఇంకోసారి ఇలా అయితే వద్దన్నారు. ఇంజన్లో రవ్వ పుట్టించే ప్లగ్గులు పోయాయి, కొత్తవి తెచ్చిస్తే బిగిస్తానన్నాడు మెకానిక్. అన్నయ్యకు జ్వరం. "ఇంట్లో ఇంజనీరు ఉండగా భయమేంటి" అని నన్ను పంపాడు. వదిన కూడా వస్తానంది. ఆమె చేతిసంచిలో పాత ప్లగ్గులు నాలుగూ ఉన్నాయని కరోల్ బాగ్‌లో షాపు మెట్లెక్కేదాకా నాకు తెలియదు.

షాపాయన మూడు రకాలు తీసి గాజు బల్ల మీద పెట్టాడు. నేను అన్నిటికన్నా ఖరీదైనది పట్టుకున్నాను. ఎందుకు? మెరుస్తోంది కాబట్టి. కొన సన్నగా, సూదిలా ఉంది కాబట్టి. డిప్లొమా చదివినవాడు చవకది తీసుకుంటే బావుండదు కాబట్టి. అంతకు మించి నా దగ్గర కారణం లేదు, ఒట్టు.

వదిన నా చేతిలోది తీసుకుని, పాతదాని పక్కన నిలబెట్టింది. కొత్తదాని బిగించే మర పొడుగ్గా ఉంది. "ఇది లోపలికి దిగితే పిస్టన్‌కి తగలదూ?" అంది నెమ్మదిగా. తర్వాత పాత ప్లగ్గు కొన చూపించింది. సున్నం పూసినట్టు తెల్లగా ఉంది. మరీ వేడెక్కిపోతే అలా అవుతుందట. బండితో వచ్చిన పుస్తకం ఆమె వంట మధ్యలో చదువుకుంటూ ఉండేదని అప్పుడు చెప్పింది. "భయ్యా, హమారా గాడీ గ్యాస్ పే చల్తా హై" అని తన గోదావరి హిందీలో మొదలుపెట్టి, వేడిని తొందరగా బయటికి లాగే రకం కావాలనీ, రవ్వ దూకే సందు పెట్రోలుకన్నా కొంచెం తక్కువ ఉండాలనీ షాపాయనకు వివరించింది. ఆయన కళ్ళద్దాలు సవరించుకుని, లోపలికి వెళ్ళి, నాలుగో రకం తెచ్చాడు. "దీదీ సహీ బోల్ రహీ హై" అన్నాడు నాతో, ఆమె చెప్పిందే సరైనదన్నట్టు.

తిరుగు మెట్రోలో ఆమె ముఖం చూడాల్సింది మీరు. గెలిచిన పిల్లలా ఉంది. నాకూ సంతోషంగానే ఉంది, అది అబద్ధం కాదు.

మెకానిక్ బిగించాడు. మర్నాడు బండి ఫ్లైఓవర్ మీదికి మంచినీళ్ళ ప్రాయంగా ఎక్కేసింది. జ్వరం తగ్గిన అన్నయ్య ఇంటికొస్తూనే గుమ్మంలోంచి అరిచాడు.

"ఏరా, ప్లగ్గులు ఎంచిందెవర్రా?"

వదిన వంటింటి గడప దగ్గర నిలబడి నన్నే చూస్తోంది. ఆమె చెప్పొచ్చు. చెప్పలేదు. నా నోటి నుంచి రావాలని అనుకుందేమో.

"నేనే" అన్నాను.

అన్నయ్య నన్ను కావలించుకున్నాడు. ఆ సందడిలోనే వదిన అడిగింది. "ఏమండీ, నేనూ బండి నేర్చుకుంటాను. ఇద్దరం ఉంటే ఇంకో నాలుగు ఆఫీసులు పట్టుకోవచ్చు."

"ప్లగ్గుకీ బోల్టుకీ తేడా తెలీదు నీకు, బండేం చూస్తావే? కావాలంటే మీ మరిదినడుగు."

ఇద్దరూ నావైపు తిరిగారు. ఒక్క మాట చాలు. నా దగ్గర ఆ మాట ఉంది కూడా.

"కష్టంలే వదినా" అన్నాను.

మొదటిది గొప్పకోసం ఆడిన అబద్ధం. మరి రెండోది? చాలా ఏళ్ళు తర్కించుకున్నాను. మొదటిది బయటపడకుండా కాపాడుకోవడానికి ఒక మనిషి దారికి అడ్డంగా నిలబడ్డాను. అంతే. వేరే పేరు పెట్టలేను. వదిన స్టీరింగ్ పట్టుకోవడానికి ఆ తర్వాత ఐదేళ్ళు పట్టింది, అదీ అన్నయ్యకు నడుం నొప్పొచ్చి డాక్టరు డ్రైవింగ్ మానమన్నాక. ఆ ఐదేళ్ళూ, ఆ తర్వాతా కూడా, మా తెలుగువాళ్ళలో ఎవరి బండి ఆగినా నాకే ఫోను. నేను ఫోను పట్టుకుని వంటింట్లోకి వెళ్ళి, మాటల మధ్యలో వదినను అడిగి, ఆమె చెప్పింది వాళ్ళకు చెప్పేవాణ్ణి. ఆమె ఏ రోజూ చెప్పననలేదు. అదే నన్ను ఎక్కువ కాల్చింది.

మొన్న ఆదివారం వదిన మూడో బండి కొంది. మా ఫ్లాట్ల సొసైటీ పార్కు పక్కన పూజ, పులిహోర, జిలేబీలు, పిల్లల గోల. అంత వెలుగు మావాళ్ళ ముఖాల్లో ఎప్పుడూ చూడలేదు. అన్నయ్య ఊరుకోడుగా. "ఆ రోజు నా తమ్ముడు ఆ ప్లగ్గులు ఎంచకపోతే ఈ రోజు లేదు" అని అందరి ముందూ నన్ను పిలిచాడు.

లేచాను. "అవి నేను ఎంచలేదు. వదిన ఎంచింది" అన్నాను.

అందరూ చప్పట్లు కొట్టారు. "ఎంత వినయం బాబూ నీకు!" అంది పక్క ఫ్లాటు ఆంటీ. చూశారా నా గతి? నిజం చెబితే ఇంకో పొగడ్త వచ్చి పడింది. ఒక్క క్షణం, సిగ్గు విడిచి చెబుతున్నాను, అక్కడితో కూర్చుందామనిపించింది.

కూర్చోలేదు. "వదినా, ఆ రోజు నేను తీసుకున్నవి ఎందుకు వద్దన్నావో చెప్పు" అన్నాను గట్టిగా.

ఆమె జిలేబీ పళ్ళెం కింద పెట్టింది. చెప్పింది. మర పొడుగు, తెల్లబడిన కొన, గ్యాస్ వేడి, రవ్వ దూకే సందు. చేతులు తిప్పుతూ, హిందీ వాళ్ళకు హిందీలో, మనవాళ్ళకు తెలుగులో. బండ్లున్న మగవాళ్ళు దగ్గరికి జరిగి ప్రశ్నలు అడగడం మొదలుపెట్టారు. నేను తీసుకున్నవి బిగించి ఉంటే ఇంజనే పోయేదని అందరికీ అర్థమైంది. అన్నయ్య నోరు తెరుచుకుని చూస్తున్నాడు. బండి నేర్చుకుంటానంటే కష్టమన్నది ఆమె పనితనం కళ్ళారా చూశాకేనని నేను ఆయనకు చెప్పాను. తప్పు మొత్తం చెప్పాను.

"ఏమే, అప్పుడే నాతో అనొచ్చుగా?" అన్నాడు వదినతో.

"మీరు నన్నడగలేదు. అతన్నడిగారు" అంది.

నవ్వుతూనే అంది. కానీ నావైపు చూడలేదు.

తర్వాత కొత్త బండి తీసింది. పక్కన అన్నయ్య కూర్చున్నాడు. వెనక పులిహోర గిన్నెల మధ్య నేనూ, నలుగురు పిల్లలూ. నోయిడా రోడ్డు మీద గాలి ముఖానికి కొడుతుంటే పిల్లలతో పాటు నేనూ కేకలు పెట్టాను. ఆమె నన్ను క్షమించిందా? అడగలేదు. అడిగే హక్కు ఉందనుకోను. ఆమె పోగొట్టుకున్న ఆ ఐదేళ్ళు తెచ్చిచ్చే ఉపాయం నా దగ్గర లేదు. కానీ ఇప్పుడు ఎవరి బండి ఆగినా ఫోను వదినకే వెళ్తోంది. అది మోగినప్పుడల్లా నా ఒళ్ళు తేలికవుతోంది.