గురువారం కుర్చీ

మా ఆఫీసులో ఆమెను అందరూ వద్దమ్మ అంటారు. ఎదురుగా కాదు, వెనకాల. ఎవరు ఏ కొత్త ఆలోచన పట్టుకుని బల్ల దగ్గరికి వెళ్ళినా ఆమె చివరిదాకా వింటుంది, తల ఊపుతుంది, "బాగుంది. కానీ ఇప్పుడు వద్దు," అంటుంది. ఆ మాట అనడానికే ఆమెకు జీతం ఇస్తున్నారని నాకు చాలాకాలం తెలియలేదు.

ఆ అంతస్తులో నేను టీ ఇస్తాను, బల్లలు తుడుస్తాను. గాజు గోడ మీద రాసినవి చెరపమంటే చెరుపుతాను. చెరపమనకపోతే ముట్టుకోను. చేరిన కొత్తల్లో ఎవరు ఏం పని చేస్తారో చూసి గుర్తుపెట్టుకునేదాన్ని. కిటికీ వరసలో కూర్చునేవాళ్ళు కోడ్ రాస్తారు, వాళ్ళ పెద్ద ఒక గడ్డమాయన. స్తంభం పక్కన ఇద్దరు తెర మీద కనిపించే బొమ్మలు గీస్తారు. ఫోన్లలో గట్టిగా మాట్లాడేవాళ్ళు మేం చేసినదాన్ని ఆసుపత్రులకు అమ్ముతారు. మధ్యలో ఉన్న బల్ల ఆమెది. ఆమె కోడ్ రాయదు, బొమ్మలు గీయదు, అమ్మదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎవరో ఒకరు ఆమె పక్కన నిలబడి ఏదో చెబుతూ ఉంటారు. ఆమె తాగకుండా వదిలేసిన టీలు బల్ల మీద మీగడ కట్టి ఉంటాయి.

మెడలో వేలాడే కార్డు మీద "లీడ్ ప్రోడక్ట్ మేనేజర్" అని ఉంటుంది. కొత్తగా చేరిన కుర్రాడెవరో ఒకరోజు అంటే ఏమిటని అడిగాడు. గడ్డమాయన వెంటనే అందుకున్నాడు.

"బాగా వస్తే మేం చేసినట్టు. చెడితే ఆవిడ చేసినట్టు. అదీ ఆవిడ ఉద్యోగం."

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వి, "మంగళవారం ఇస్తానన్న పని శుక్రవారానికి కూడా ఇవ్వలేదని నీకు గుర్తు చేయడం ఒకటి మర్చిపోయావు," అంది.

ఆమె చెబితే వినితీరాల్సినవాళ్ళు అక్కడ ఒక్కరూ లేరు. గడ్డమాయన ఆమె కింద పనిచేయడు. అమ్మకాల మేనేజరు అసలే చేయడు. అయినా వాళ్ళందరినీ ఒక దారిన నడపాలి. అందుకని ఒక్కొక్కరి దగ్గరికీ తనే వెళ్ళేది. ఒకే సంగతిని ఒకరికి లెక్కలతో చెప్పేది, ఇంకొకరికి బొమ్మ గీసి చూపించేది, మూడో మనిషి తిట్టినంతసేపు తిట్టనిచ్చి తర్వాత మొదలుపెట్టేది. మధ్యాహ్నం ఒంటిగంటకు వాళ్ళ అత్తగారి ఫోను వచ్చేది. "ఎడమవైపు అరలో అత్తయ్యా. రెండో డబ్బా వెనకాల చూడండి. కాదు, మూత ఎర్రగా ఉంటుంది," అని అదే గొంతుతో చెప్పేది. వాళ్ళింట్లో ఏ డబ్బా ఎక్కడుంటుందో మా అంతస్తులో అందరికీ తెలుసు.

ఒకసారి లిఫ్టు ఆగిపోయి ఏడంతస్తులూ ఇద్దరం మెట్ల మీద దిగాం. మోకాలు నొప్పని ప్రతి మలుపు దగ్గరా ఆగింది. ఆగినప్పుడల్లా నాలుగు మాటలు చెప్పింది. ఇక్కడికి రాకముందు ఆరేళ్ళు ఒక పెద్దాసుపత్రి కిటికీలో కూర్చుని డాక్టరును చూడటానికి చీటీలు ఇచ్చేదట. సాయంత్రాలు చదువుకుందట.

"కిటికీ తెరిచేసరికి అందరి కళ్ళూ నా చేతి మీదే ఉండేవి. రోజుకి అరవై చీటీలు. అరవై ఒకటో మనిషికి లేదని చెప్పాలి. తెల్లారకముందు వచ్చి నిలబడిన మనిషికి," అంది. మోకాలు రుద్దుకుని, "పద, ఇంకా మూడంతస్తులున్నాయి," అంది.

మా ఆఫీసులో తయారవుతున్నది కూడా చీటీయే. ఆసుపత్రికి వెళ్ళి లైన్లో నిలబడకుండా ఇంట్లోంచే ఫోన్లో డాక్టరు టైము తీసుకోవడం. దానికి పెద్ద పేరేదో పెట్టారు గానీ అందరూ చీటీ అనే పిలిచేవాళ్ళు. ఆమె చేతిలో పడి రెండేళ్ళయింది.

ప్రతి గురువారం పదకొండింటికి ఆమె చిన్న గాజుగదిలో ఒక కుర్చీ వేయించేది. చీటీ గురించి ఏమీ తెలియని మనిషిని అందులో కూర్చోబెట్టి, ఫోను చేతికిచ్చి, ఒకే ఒక్క మాట చెప్పేది: "డాక్టరు దగ్గరికి టైము తీసుకోండి." ఆ తర్వాత ఎవరూ నోరు విప్పకూడదు. గడ్డమాయన వాళ్ళు వెనక నిలబడి చూడాలి. ఆ మనిషి ఎక్కడ తడబడితే అది గాజు గోడ మీద రాయాలి. ఎంతసేపు పడితే అంత ఎత్తున పక్కన చుక్క పెట్టాలి.

ఒక గురువారం రావాల్సిన మనిషి రాలేదు. ఆమె అటూ ఇటూ చూసి, "ఐదు నిమిషాలు కూర్చుంటావామ్మా?" అని నన్ను అడిగింది. చేతిలో ట్రే అక్కడే పెట్టి కూర్చున్నాను. వెనక ఏడుగురు నిలబడి ఉన్నారు. వేళ్ళకు చెమట పట్టి తెర మీద జారిపోయాయి. మన నంబరు కొడితే మెసేజీలో ఆరంకెలు వస్తాయి, వాటిని మళ్ళీ ఇక్కడ కొట్టాలి. మెసేజీ తెరిచి చూసి వెనక్కి వచ్చేసరికి చీటీ మొదటి పేజీకి వెళ్ళిపోయింది. మళ్ళీ చేశాను, మళ్ళీ అంతే. మొత్తానికి పదకొండు నిమిషాలు పట్టింది. తడబాట్ల జాబితాలో ఆరంకెల సంగతి ఎనిమిదోది.

బయటివాళ్ళను లోపలికి తీసుకురావాలంటే కింద పేర్లు రాయించాలి, పాసులు తీసుకోవాలి. నేనైతే పక్కనే ఉన్నాను. మరుసటి గురువారం కూడా నన్నే అడిగారు. ఆ పై గురువారం అడగను కూడా లేదు, కుర్చీ వేసి నా వైపు చూశారు.

ఎనిమిది నెలలు కూర్చున్నాను. పదకొండు నిమిషాలు ఆరయింది, ఆరు మూడయింది, చివరికి నలభై సెకన్లకు వచ్చింది. గాజు గోడ మీద చుక్కలు మెట్లు దిగినట్టు దిగాయి. జాబితాలో పంతొమ్మిది తడబాట్లుండేవి, ఒక్కొక్కటే కొట్టేశారు. ఎనిమిదోది రెండో వారంలోనే పోయింది. నేను అక్కడ ఆగలేదు కదా, సర్దుకుందనుకుని ఆమె స్వయంగా గీత కొట్టింది.

అప్పటికే చీటీని రెండుసార్లు వాయిదా వేయించింది. ఆ రెండుసార్లూ మందులు తెప్పించుకునే బొత్తాం, డాక్టరుతో కబుర్లాడే బొత్తాం ఇప్పుడే వద్దని, ముందు టైము తీసుకోవడం సరిగ్గా రానివ్వమని పట్టుబట్టింది. మూడోసారి తేదీ పెట్టినప్పుడు డైరెక్టరు అందరి ముందూ చెప్పాడు.

"వచ్చే సోమవారం మూడు ఆసుపత్రుల్లో మొదలవుతుంది. ఇంకొక్కసారి వాయిదా జరిగితే చీటీని అమ్మకాల మేనేజరు చేతిలో పెడతాను. మీరు వేరే పని చూసుకోవాల్సి ఉంటుంది."

"జరగదండీ," అంది ఆమె. అమ్మకాల మేనేజరు తన గోళ్ళు చూసుకున్నాడు. ఆ వారమంతా ఆమె కళ్ళ కింద చర్మం నల్లబడి ఉంది. భోజనం డబ్బా మూత తీసి, నిలబడే రెండు ముద్దలు తిని, మళ్ళీ మూత పెట్టేసేది.

సోమవారానికి ముందు బుధవారం సాయంత్రం మా పిన్ని మిషను దగ్గర కూర్చుని సూది నా చేతికిచ్చింది. పిన్ని బట్టలు కుడుతుంది, నేను ఆమె దగ్గరే ఉంటాను. ఈ మధ్య సూదిలో దారం ఎక్కించడం నా పనయింది.

"కళ్ళ డాక్టరు దగ్గరికెళ్ళాలే. మీ వద్దమ్మ చేసేదేదో సోమవారం వస్తుందన్నావుగా, నా ఫోన్లో పెట్టు. ఆ లైన్లో నేను నిలబడలేను," అంది.

దారం ఎక్కిస్తుండగా నా చేయి ఆగిపోయింది. మెసేజీ వచ్చినప్పుడు ఆరంకెలు తెర పైఅంచున ఒక్క క్షణం కనిపించి మాయమవుతాయి. రెండో గురువారం నుంచీ నేను వాటిని అక్కడే చూసి, పెదాల కింద అనుకుంటూ కొట్టేస్తున్నాను. మెసేజీ తెరవడం మానేశాను. ఏడుగురి ముందు మళ్ళీ తప్పు చేయకూడదని నా భయం నాది. వాళ్ళు నా వేళ్ళు చూశారు, పెదాలు చూడలేదు. పిన్ని సూదిరంధ్రమే చూడలేకపోతోంది, ఆ అంకెలెలా చూస్తుంది?

చెబితే ఏమవుతుందో కూడా నాకు తెలుసు. ఆమె జరగదని మాటిచ్చినప్పుడు నేను అక్కడే కప్పులు ఏరుతున్నాను.

గురువారం పిన్నిని వెంటబెట్టుకుని వెళ్ళాను. కుర్చీ వేసి అందరూ నా వైపు చూశారు.

"మేడమ్, ఈసారి నేను వద్దు," అన్నాను.

గడ్డమాయన పకపకా నవ్వాడు. "ఇదిగో, ఈ అమ్మాయికి కూడా అంటించారు మీ జబ్బు!"

ఆమె నవ్వలేదు. నా ముఖం చూసి, పిన్నిని చూసి, "కూర్చోండమ్మా," అంది.

"నేనేమన్నా పాడుచేస్తే నన్ననొద్దు," అంది పిన్ని.

"పాడైతే తప్పు మాదేనమ్మా. కళ్ళ డాక్టరు దగ్గరికి టైము తీసుకోండి."

పిన్ని నంబరు కొట్టింది. టింగుమంది. మెసేజీ వెతికి తెరిచింది, ఫోనును మోచేయి దూరం పెట్టి చదువుకుంది, వెనక్కి వచ్చింది. మొదటి పేజీ.

"ఇందాకేగా చెప్పాను నంబరు? ఇంతలోనే మర్చిపోయిందా ఇది?"

పిన్ని మళ్ళీ కొట్టింది. ఈసారి బల్ల మీద పెన్ను తీసుకుని ఆరంకెలూ అరచేతిలో రాసుకుంది. వెనక్కి వచ్చేసరికి మళ్ళీ మొదటి పేజీయే. నంబరు కొడితే కొత్త అంకెలు వచ్చాయి.

"ఎన్ని పంపుతావే తల్లీ! చెయ్యి నిండిపోతోంది."

గడ్డమాయన ఉండబట్టలేక, "పైన కనిపిస్తుంది చూడ..." అన్నాడు. ఆమె చేయెత్తింది. ఆయన ఆగిపోయాడు.

పద్నాలుగు నిమిషాలయ్యాక పిన్ని ఫోనును బల్ల మీద బోర్లా పెట్టింది.

"నావల్ల కాదులేమ్మా. నేనే వెళ్ళి లైన్లో నిలబడతా. నాకు అలవాటే."

ఆమె కాసేపు పిన్ని అరచేతి వంకే చూసింది. తర్వాత నా వైపు తిరిగింది. "నువ్వెలా చేసేదానివి?"

చెప్పాను. చెప్పకుండా ఉన్నందుకు తప్పయిపోయిందన్నాను.

"తప్పు నీది కాదు. తెలియనివాళ్ళని కూర్చోబెట్టాలని రూలు పెట్టింది నేను. అదే మనిషిని ముప్ఫై సార్లు కూర్చోబెట్టిందీ నేనే," అంది. మెల్లగా కుర్చీలో కూర్చుంది, పిన్ని లేచిన కుర్చీలో.

"రెండు రోజుల పని. సోమవారానికి అయిపోతుంది," అన్నాడు గడ్డమాయన.

"ఆ ఒక్కటేనని నీకెలా తెలుసు? ఆ గోడ మీద కొట్టేసిన పంతొమ్మిదీ ఈ అమ్మాయి వేళ్ళు చూసే కదా కొట్టేశాం."

ఆయన గోడ దగ్గరికి వెళ్ళి కొట్టేసిన గీతలు ఒక్కొక్కటే చూశాడు.

నేను డైరెక్టరు గదిలోకి టీ తీసుకెళ్ళేసరికి ఆమె ఆయన ఎదురుగా నిలబడే ఉంది.

"మాటిచ్చారు," అంటున్నాడు ఆయన.

"ఇచ్చానండీ. తప్పుతున్నాను."

"వందమందిలో పదిమందికి రాకపోతే తర్వాత సరిచేసుకుందాం. అందరూ అలాగే చేస్తారు."

"ఆ పదిమందీ మళ్ళీ రారు సార్. లేచి లైన్లోకి వెళ్ళిపోతారు. రాలేదని మనకి ఫోన్ చేసి కూడా చెప్పరు. మనకి అంతా బాగున్నట్టే కనిపిస్తుంది."

"ఇది మీ చేతుల్లోంచి పోతుంది. తెలుసుగా?"

నేను కప్పు ఆయన ముందు పెట్టాను.

"ఇచ్చేయండి," అంది. "సోమవారం మాత్రం వద్దు."

అప్పగింతలకు ఆమెకు వారం ఇచ్చారు. ఆ వారంలో పదకొండు మందిని కూర్చోబెట్టింది. ఉత్తరాలు తెచ్చే ఆయన, ఇస్త్రీ చేసే ఆవిడ, కింద గేటు దగ్గర మనిషి వాళ్ళ నాన్న, ఇంకా ఎవరెవరో. పేర్లు రాయించడానికీ పాసులు తీసుకోవడానికీ తనే కిందికి దిగి వెళ్ళింది. కొట్టేసిన పంతొమ్మిదిలో ఏడు మళ్ళీ బతికాయి. వాటిని అమ్మకాల మేనేజరుకు ఒక్కొక్కటే చూపించింది. ఆయన మొదట వాచీ చూసుకున్నాడు, నాలుగో మనిషి దగ్గరికి వచ్చేసరికి కాగితం తీసుకుని రాసుకోవడం మొదలుపెట్టాడు. చివరి రోజు గాజు గోడ మీద చుక్కలన్నీ నన్ను చెరిపేయమంది. అదే చోట తన చేత్తో ఒక వాక్యం రాసింది: "ఒకసారి కూర్చున్న మనిషి మళ్ళీ కూర్చోకూడదు." దాన్ని చెరపమని ఇంతవరకు ఎవరూ అనలేదు. నేను ముట్టుకోలేదు.

ఇప్పుడు ఆమె మూడో అంతస్తులో ఉంటోంది, ఫిర్యాదుల ఫోన్లు తీసుకునేవాళ్ళ దగ్గర. చీటీ ఐదు వారాల తర్వాత మొదలైంది. ఆ రోజు అందరూ చప్పట్లు కొట్టారు, అమ్మకాల మేనేజరు మాట్లాడాడు. ఆమె పేరు ఎవరూ ఎత్తలేదు. గడ్డమాయన మాత్రం చప్పట్లు కొట్టకుండా కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు.

మొన్న మధ్యాహ్నం లిఫ్టు మళ్ళీ ఆగిపోతే ఆమె మెట్లెక్కి మా టీ గదికి వచ్చింది. వాళ్ళ అంతస్తులో నీళ్ళు రావడం లేదంది. నేను టీ పోసి ఇచ్చాను. గోడకు ఆనుకుని, ఎవరూ పక్కన నిలబడి ఏమీ చెప్పకుండా, వేడిగా ఉండగానే తాగింది.

"మీ పిన్ని టైము తీసుకుందా?" అంది.

"తీసుకుంది."

"ఎంతసేపు పట్టింది?"

"మిషను దగ్గర్నుంచి లేవకుండానే అయిపోయింది. అయినా తిట్టింది, అక్షరాలు చిన్నగా ఉన్నాయని."

"రాసుకో. కాదు, ఇక్కడివాళ్ళకి చెప్పు, వాళ్ళు రాసుకుంటారు," అంది.

ఒంటిగంటయింది. ఫోను మోగింది. "అదే అరలో అత్తయ్యా, నిన్న పెట్టిన చోటే," అంటూ ఒక చేత్తో తన కప్పు తనే కడిగి బోర్లించి, మోకాలు పట్టుకుని మెట్లు దిగింది.