మాట్లాడకూడని పని

బాన్సువాడలో బస్సెక్కి, ఒడిలో పోసుకున్న మల్లెమొగ్గలు మాల కడుతూ ఎప్పటిలాగే మాట్లాడుతూనే ఉన్నాను. బట్టల షాపులో పని మానేసి అప్పటికి వారం. "కూర్చొని చేసే పనే" అని పెట్టుకున్నారు గానీ అక్కడ కుర్చీయే లేదు. ఆ కథే పక్క సీటు అక్కకు చెప్తున్నాను. ఆమె మాత్రం నా వేళ్లనే చూస్తోంది.

"బస్సు గింత ఎగురుతుంటే గూడ ఒక్క మొగ్గ నలుగుతలేదు గద పిల్లా! మా విత్తనాల మడికి వస్తవా? కొత్త రకం విత్తనం కోసం వరి పూల కొసలు కత్తెరతోని కత్తిరిచ్చి, వాటి మీద ఇంకో రకం పుప్పొడి దులపాలె."

"వస్త అక్కా!"

"ఆగు, మొత్తం ఇను. పొద్దంత బురదల వంగాలె. నడుము పోతది. జలగలు పట్టుకుంటయి."

"మా పొలంల జలగలు నన్ను గుర్తుపడ్తయి."

"సగం పూలు గింజ పట్టనే పట్టవు. ఏడుపొస్తది."

"ఏడుస్త, మళ్ల చేస్త."

అక్క కాస్త తటపటాయించింది. "ఇంకోటుంది. పుప్పొడి దులిపేటప్పుడు మాట్లాడొద్దు. ఊపిరి తాకినా ఎగిరిపోతది."

నా చేతులు ఆగిపోయాయి. జలగలకు భయపడనిదాన్ని దీనికి భయపడ్డాను. ఈ ఒక్క మాట దాచి ఉంటే నేను అప్పటికే ఒప్పేసుకున్నట్టే. అది ఆమెకూ తెలుసు. అయినా చెప్పింది.

"ఎంతసేపక్కా?"

"పూలు మూసుకునేదాంక."

అక్కడి నుంచి రుద్రూర్ దాకా నేను నోరు విప్పలేదు. కండక్టర్ ఏదో అడిగినా చేత్తో సైగ చేశాను. నవ్వు ఆపుకోలేక అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అక్కడ తను దిగేముందు నా భుజం తట్టి, "రేపు పాత బట్టలేసుకొని ఈడికే రా" అంది.

అప్పుడు కూడా తల మాత్రమే ఊపాను.